ఇసుక కింద నూరు గుడ్లు: భావనపాడు తీరాన రాత్రి నడక

నౌపడ: మాఘ మాసపు చీకటి రాత్రులలో, ఊళ్ళు మాటు మణిగిన తరువాత, భావనపాడు మొదలు బారువ దాకా సముద్రపు ఒడ్డున అక్కడక్కడా కొందరు నడుస్తూ కనిపిస్తారు. ఒకరి చేతిలో సన్నని కర్ర ఉంటుంది. మరొకరి చేతిలో బకెట్టు. టార్చిలైటు ఉన్నా దానికి ఎర్ర కాగితం చుట్టి ఉంటుంది, అదీ అవసరమైతేనే వెలుగుతుంది. మాటలు తక్కువ, నడక ఎక్కువ. అలలు తడిపి వెళ్ళిన ఇసుక అంచునే పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. వారు వెతుకుతున్నది మూరెడు లోతున ఇసుక కింద ఉన్న గుడ్ల గూడు. దాచింది సముద్రపు తాబేలు. దాచి, గుర్తు చెరిపి, తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోయింది.

ఆ గూడు ఎక్కడ ఉన్నదో తెల్లవారేలోగా మనిషి కనిపెట్టకపోతే కుక్కో, నక్కో కనిపెడుతుంది. ఈ నడకలో ఉన్న పందెం అంతా ఇదే.

నౌపడ అనగానే జిల్లావాసులకు ముందు గుర్తు వచ్చేది ఉప్పు. స్టేషను దాటి తూర్పుకు పోతే దారికి రెండు వైపులా ఉప్పు మడులే. ఆ తరువాత గుర్తు వచ్చేది పర్లాకిమిడి చిన్న రైలు. 1900లో నౌపడ నుంచి మొదలై, 1931లో గుణుపురం దాకా సాగి, 2004లో ఆగిపోయి, ఆ పిమ్మట పెద్ద లైనుగా మారిన బండి అది. పక్షుల మీద ఆసక్తి ఉన్నవారు టెక్కలి మండలం తేలినీలాపురం చింత చెట్ల మీద దిగే గూడబాతుల సంగతీ చెబుతారు. పక్షులను చూడడానికి బస్సులు కట్టించుకుని వచ్చేవారున్నారు. అదే నెలల్లో, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, అర్ధరాత్రి ఒడ్డెక్కే తాబేలును చూసినవారు మాత్రం తీరగ్రామాలలో కూడా తక్కువే. అది వచ్చే వేళ అలాంటిది.

తాబేలు వచ్చే తీరు

మన తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లే అనే జాతి. సముద్రపు తాబేళ్ళలో చిన్న జాతులలో ఇదొకటి. చిన్నది అన్నా పెంకు రెండు అడుగులకు పైగా ఉంటుంది, బరువు నలభై కిలోల దాకా తూగుతుంది. పెంకు రంగు ముదురు ఆకుపచ్చతో బూడిద కలిసినట్లుంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం నడిసముద్రంలో గడిపి, చలికాలానికి జత కట్టేందుకు ఒడ్డు దగ్గరకు చేరుతుంది. మన జిల్లాలో గుడ్లు పెట్టే కాలం ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా.

మగ తాబేలు పుట్టిన రోజున సముద్రంలోకి దిగిందంటే మళ్ళీ నేల ముఖం చూసే అవసరం సాధారణంగా దానికి రాదు. ఒడ్డెక్కే బాధ్యత ఆడదానిదే. రాత్రి వేళ, అలల మీద కాసేపు తల ఎత్తి చూసి, ఒడ్డున కదలిక గాని వెలుతురు గాని లేదనుకుంటే పైకి వస్తుంది. ఈదడానికి పుట్టిన తెడ్ల వంటి కాళ్ళతో నేల మీద నడవడం దానికి ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది. నాలుగు బారలు పాకి ఆగుతుంది, ఆయాసం తీర్చుకుంటుంది, మళ్ళీ పాకుతుంది. పోటు నీరు అందని పొడి ఇసుక దాకా వచ్చిన తరువాత వెనుక కాళ్ళతో తవ్వడం మొదలుపెడుతుంది. ఒక కాలితో ఇసుక తీసి పక్కన పెడుతుంది, రెండో కాలితో ఆ ఇసుకను దూరంగా విసురుతుంది. కళ్ళతో చూడకుండానే అది తవ్వే గుంట ఆకారం మన మంచినీళ్ళ కుండను పోలి ఉంటుంది: పైన మెడ సన్నం, కింద కడుపు వెడల్పు. అందులో నూరు, నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు పింగ్ పాంగ్ బంతి అంత, తెల్లగా, కోడిగుడ్డులా పెళుసుగా కాక తోలు మాదిరి మెత్తగా ఉంటుంది. అందుకే ఒకదాని మీద ఒకటి జారిపడినా పగలదు.

గుడ్లు పెట్టేటప్పుడు తాబేలు కళ్ళ నుంచి నీరు కారుతుంది. పురిటి నొప్పికి ఏడుస్తున్నదని, పిల్లలను వదిలిపోతున్నందుకు ఏడుస్తున్నదని చూసినవారు అనుకోవడం సహజమే. శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. సముద్రపు నీరు మింగి బతికే జీవి కనుక ఒంట్లో చేరిన ఉప్పును బయటకు పంపే గ్రంథులు దాని కళ్ళ దగ్గర ఉన్నాయి. అది నీటిలో ఉన్నప్పుడూ ఆ కన్నీరు కారుతూనే ఉంటుంది, మనకు కనిపించదు. సముద్రం నీటి నుంచి ఉప్పు విడదీయడమే బతుకుతెరువైన నౌపడ వాసులకు ఈ సంగతి ఇంకొకరు విప్పి చెప్పనక్కర లేదు.

పెట్టడం పూర్తయ్యాక గుంట పూడ్చి, దాని మీద ఒళ్ళు ఎత్తి పడేస్తూ, అటూ ఇటూ ఊగుతూ ఇసుకను దిమ్మిస తొక్కినట్లు గట్టిపరుస్తుంది. ఆ దెబ్బల చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న రాత్రి కొంత దూరానికి వినిపిస్తుంది. ఆ తరువాత చుట్టూ ఇసుక ఎగజిమ్మి గుర్తు లేకుండా చేసి సముద్రానికి మళ్ళుతుంది. మొత్తం పని గంటలోపు ముగుస్తుంది.

అడుగుజాడ చదవడం

గూడు వెతికేవారికి దొరికే ఆధారం జాడ ఒక్కటే. ఇసుక మీద రెండున్నర అడుగుల వెడల్పున, ఎడమ ఒకటి కుడి ఒకటి చొప్పున తెడ్డు గుర్తులు పడుతూ పోయిన గీత అది. ఎక్కిన జాడ ఒకటి, దిగిన జాడ ఒకటి. రెండూ కలిసేచోట గూడు ఉండాలి. కాని రాసినంత తేలిక కాదు. ఈ తాబేలు బరువు తక్కువ కనుక జాడ లోతుగా పడదు. గాలి తోలిందంటే తెల్లవారేసరికి సగం చెరిగిపోతుంది. కొన్నిసార్లు తాబేలు పైదాకా వచ్చి, కుక్క అరుపు విని గాని, దీపం చూసి గాని, వేరు అడ్డం తగిలి గాని గుడ్లు పెట్టకుండానే మళ్ళిపోతుంది. అప్పుడు జాడ ఉంటుంది, గూడు ఉండదు. అలవాటు లేనివారు అక్కడ అరగంట ఇసుక తవ్వి ఖాళీ చేతులతో లేస్తారు.

అలవాటు ఉన్నవారు ముందు ఎక్కిన జాడ ఏదో, దిగిన జాడ ఏదో తేల్చుకుంటారు. తాబేలు ఇసుకను వెనక్కు నెడుతూ పాకుతుంది కనుక ప్రతి తెడ్డు గుర్తు వెనుకా చిన్న ఇసుక కుప్ప ఉంటుంది. అది ఏ వైపు ఉంటే దానికి ఎదుటి వైపు పోయినట్లు లెక్క. రెండు జాడలు ఒకదాన్ని ఒకటి దాటిన చోట పైన ఉన్నది దిగిన జాడ. ఇంకొక ఉపాయం పొడవు చూడడం. సముద్రం పాటు మీద ఉంటే, అంటే నీరు వెనక్కు తీస్తూ ఉంటే, తిరుగు జాడ పొడుగ్గా ఉంటుంది. పోటు మీద ఉంటే పొట్టిగా ఉంటుంది. దీనిని బట్టి తాబేలు సుమారు ఏ వేళకు వచ్చి పోయిందో కూడా అంచనా కట్టవచ్చు. వేళ ఎందుకు కావాలో కింద తెలుస్తుంది.

ఇసుక ఎగజిమ్మిన చోటు మంచమంత వెడల్పు ఉంటుంది. గూడు మూతి మాత్రం జానెడు. సన్నని కర్రతోనో, అరికాలితోనో, పిడికిలితోనో ఒత్తి చూస్తే చుట్టూ గట్టిగా తగిలి ఒకచోట మెత్తగా దిగుతుంది. అదే గుంట మెడ. అక్కడి నుంచి కర్ర పనికిరాదు, గుడ్డు పగులుతుంది. చేతితోనే తవ్వాలి. మోచేయి లోతుకు వెళ్ళాక వేళ్ళకు మొదటి గుడ్డు తగులుతుంది.

పెట్టెల వేట ఆడే దేశాలు

ఇలా ఒడ్డు వెంట నడిచి దాచిన దానిని వెతకడం కొన్ని దేశాలలో ఇప్పుడు పెద్ద ఆట. జియోకేషింగ్ అని దాని పేరు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాలు ఇచ్చే దిక్సూచి సంకేతాలలో సామాన్యులకు తెలిసి తెలిసి కలుపుతూ వచ్చిన తప్పును తీసివేసింది. అప్పటిదాకా వందడుగులకో, మూడు వందల అడుగులకో అటూ ఇటూగా చూపించిన పరికరం ఒక్కసారిగా గురి కుదుర్చుకున్నది. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టులో పుస్తకాలు, ఉండేలు, చిక్కుడు గింజల డబ్బా వంటివి పెట్టి అడవిలో దాచి, అక్షాంశ రేఖాంశాలను మాత్రం లోకానికి చెప్పాడు. దొరికినవారు అందులోని వస్తువు ఒకటి తీసుకుని తమది ఒకటి పెట్టాలని, పుస్తకంలో పేరు రాయాలని షరతు. ఇప్పుడు ప్రపంచంలో అటువంటి పెట్టెలు ముప్పై లక్షలకు పైగా ఉన్నాయి. సముద్రపు ఒడ్డు నడకలు ఆ ఆటగాళ్ళకు బాగా ఇష్టం.

ఆ ఆటలో ఒక నియమం ఉన్నది. పెట్టెను నేలలో తవ్వి పూడ్చకూడదు. నేల పాడవుతుందని దాని భావం. తాబేలుకు ఆ నియమం వర్తించదు, అది తవ్వి పూడ్చడంలోనే నేర్పరి. ఉద్దానం ఒడ్డున నడిచేవారు ఆ ఆట పేరు విని ఉండకపోవచ్చు గాని చేసే పనిలో పోలిక లేకపోలేదు. గూడు దొరికిన చోటు గుర్తు పెట్టుకుంటారు, తేదీ రాస్తారు, గుడ్లు లెక్కించి పుస్తకంలో ఎక్కిస్తారు. తేడా అల్లా, ఇక్కడ పెట్టె ఒక్క రాత్రి ఆలస్యమైతే మిగలదు.

నక్క కంటె ముందు

గూడు కనిపెట్టాక రెండు మార్గాలు. చోటు భద్రంగా ఉన్నదనుకుంటే అక్కడే వదిలి కాపలా కాయడం ఒకటి. మన తీరంలో అది సాగేది తక్కువ. ఊరికుక్కలు, నక్కలు, అడవి పందులు, పగలైతే కాకులు, ఇసుక ఎండ్రకాయలు అన్నీ గుడ్లకు ఆశపడేవే. కుక్క ఒక్కటి వాసన పట్టిందంటే నూరు గుడ్లూ గంటలో పోతాయి. అందుచేత రెండో మార్గమే ఎక్కువ. గుడ్లు తీసి, బకెట్టులో తడి ఇసుక మీద పేర్చి, కంచె వేసిన గుడ్ల కేంద్రానికి తీసుకుపోయి, మళ్ళీ కుండ ఆకారంలో గుంట తీసి అందులో పెట్టడం.

ఇందులో తొందర ఒకటి, జాగ్రత్త ఒకటి. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు లోపలి పిండం పెంకు లోపలి వైపు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును తిప్పితే పిండం చచ్చిపోతుంది. పైకి చూస్తే గుడ్డు బాగానే ఉంటుంది, నలభై అయిదు రోజులు కాపలా కాసి తవ్వి చూస్తే కుళ్ళిపోయి ఉంటుంది. తాబేలు ఏ వేళకు వచ్చిందో జాడను బట్టి అంచనా కట్టేది ఇందుకే. తెల్లవారాక, ఎండ ఎక్కాక దొరికిన గూడును తీయాలా వద్దా అన్నది అనుభవజ్ఞులకే వదలాలి. తీస్తే, ఏ వైపు పైకి ఉన్నదో ఆ వైపే పైకి ఉంచి మోయాలి. సైకిలు మీద గుంతల దారిలో గబగబా తీసుకుపోవడం మేలు చేయబోయి కీడు చేయడమే.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పొదిగేది తల్లి కాదు, ఇసుక వేడి. ఇంకొక వింత ఉన్నది. పిల్ల ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడే తేలుస్తుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర ఆడా మగా కలిసి పుడతాయి. అంతకంటె చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. ఎండలు ముదురుతున్న ఈ రోజులలో, ఏప్రిల్‌లో పెట్టిన గూళ్ళకు తాటాకు పందిరో, నీడ గుడ్డో వేయకపోతే పుట్టేవన్నీ ఆడవే కావచ్చు. వేడి మరీ మించితే ఏదీ పుట్టదు.

సంక్రాంతికి పెట్టిన గుడ్లు శివరాత్రి నాటికి, శివరాత్రికి పెట్టినవి శ్రీరామనవమి దాటి కొన్నాళ్ళకు పిల్లలవుతాయి. గుంటలోని పిల్లలన్నీ ఒకదానిని ఒకటి కదుపుకుంటూ, పైకప్పు ఇసుకను రాల్చి కాళ్ళ కింద తొక్కుకుంటూ, ఒక్క మూకగా పైకి వస్తాయి. ఇసుక చల్లబడితేనే బయటపడతాయి, అంటే రాత్రి. వెలుగు ఎక్కువగా ఉన్న వైపు పాకుతాయి. పూర్వం రాత్రి పూట ఒడ్డున వెలుగంటే సముద్రం మీది ఆకాశమే. ఇప్పుడు అలా లేదు.

పిల్లలను సముద్రంలోకి వదలడం ఈ మధ్య వేడుకగా జరుగుతున్నది. మంచిదే. బడిపిల్లలు చూస్తే ఆ ఊళ్ళో గుడ్లు తవ్వేవారు తగ్గుతారు. కాని పెద్దలు వచ్చేదాకా, ఫొటోలు పూర్తయ్యేదాకా పిల్లలను బేసిన్లలో పెట్టి ఎండలో ఆపడం తగదు. పుట్టిన మొదటి గంటల్లో వాటికున్న శక్తి అంతా అలలు దాటి లోతు నీటికి ఈదడానికి దాచుకున్నది. బేసిను అంచులు గీకుతూ అది ఖర్చయిపోతే సముద్రంలో చేపకు ఆహారం అవుతాయి. తెల్లవారుజామునో, పొద్దుగూకాకనో వదలాలి. చేతితో నీళ్ళలో వేయకుండా కొన్ని బారల దూరం ఇసుక మీద పాకనివ్వాలి.

వెయ్యి పిల్లలకు ఒకటి పెద్దదై తిరిగి వస్తుందని సాధారణంగా చెప్పే లెక్క. గూటికి నూరు పిల్లలు అనుకున్నా పది గూళ్ళు కాపాడితే ఒక తాబేలు. అది ఎదిగి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. తాము పుట్టిన ప్రాంతపు ఒడ్డుకే గుడ్లు పెట్టడానికి వస్తాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. అయితే కచ్చితంగా ఒకే ఒడ్డును పట్టుకుని ఉండాలని లేదు. ఒడిశాలో 2021లో రెక్కకు బిళ్ళ తగిలించి వదిలిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. మధ్యలో మన తీరమూ, లంకా, కన్యాకుమారీ దాటి పోయిందన్న మాట.

నడిచినవారి కథ

గుడ్ల కోసం రాత్రి నడక మన దేశంలో మొదలైంది మద్రాసులో, 1970ల తొలి సంవత్సరాలలో. అక్కడి పాముల పార్కుకు చెందిన రోములస్ విటేకరు, ఆయన మిత్రులు ఒడ్డు వెంట నడిచి గుడ్లు సేకరించి పొదిగించేవారు. 1988 నుంచి అక్కడి విద్యార్థులు ఆ పని అందుకున్నారు. ఆ తొలి బృందంలో సతీష్ భాస్కర్ అనే యువకుడు ఉండేవాడు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదువుతూ ఆ దారి వదిలి ఈ దారి పట్టాడు. 1977 మొదలు రెండు దశాబ్దాల పాటు దేశంలోని తీరాలు, అండమాన్, లక్షదీవులు నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నడిచి ఎక్కడెక్కడ ఏ తాబేలు గుడ్లు పెడుతున్నదో రాసిపెట్టాడు. 1982లో వర్షాకాలమంతా లక్షదీవులలోని సుహేలీ అనే నిర్జన దీవిలో ఒంటరిగా ఉన్నాడు. పడవలు రావు, టపా లేదు. భార్యకు ఉత్తరం రాసి, సీసాలో పెట్టి బిరడా బిగించి సముద్రంలో వేశాడు. 24 రోజులకు అది శ్రీలంక ఒడ్డున ఒక జాలరికి దొరికింది. ఆ జాలరి దానిని టపాలో వేశాడు, ఉత్తరం ఇంటికి చేరింది. సతీష్ భాస్కర్ 2023లో మరణించారు. నడక తప్ప మరొక సాధనం లేకుండా ఆయన తయారు చేసిన వివరాల మీదనే తరువాతి వారు పని సాగించారు.

మన తీరం మీద కూడా పని జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980లలోనే ఉత్తరాంధ్ర తీరంలోని ఈ తాబేళ్ళను గురించి రాశారు. భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు రాష్ట్ర తీరాన్ని పరిశీలించి 2003లో ప్రకటించిన వ్యాసం శ్రీకాకుళం ఒడ్డుకు ప్రాముఖ్యం ఇచ్చింది. నదులు సముద్రంలో కలిసేచోట ఏర్పడే ఇసుక దిబ్బలు ఈ తాబేళ్ళకు ఇష్టం. మన జిల్లాకు ఆ భాగ్యం ఉన్నది. కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం దిక్కున బాహుదా. వీటి నడుమ నౌపడ ఉప్పుటేరు భావనపాడు దగ్గర సముద్రంలో కలుస్తుంది. జిల్లా తీరం పొడవు 193 కిలోమీటర్లు. ఎగువన, ఒడిశాలోని ఋషికుల్య ముఖాన ఒక్కొక్క ఏడు లక్షల తాబేళ్ళు ఒకేసారి ఒడ్డెక్కుతాయి. 2025 ఫిబ్రవరిలో ఆ లెక్క ఆరు లక్షలు దాటింది. మన దగ్గర అలా మూకలు రావు. ఒంటరిగా ఒకటీ రెండూ వస్తాయి. మూకగా వచ్చినచోట అధికారులు, కెమెరాలు, కంచెలు అన్నీ ఉంటాయి. ఒంటరిగా వచ్చినదానికి నడిచేవాడే దిక్కు.

అటవీ శాఖతో పాటు చెన్నై కేంద్రంగా 2002లో ఏర్పడిన ట్రీ ఫౌండేషన్ సంస్థ మన తీరంలో మత్స్యకార యువకులనే తీసుకుని ఈ పని చేయిస్తున్నది. పగలు సముద్రంలో వేట, రాత్రి ఒడ్డున నడక. జాడ చదవడం పుస్తకం చదివినవారి కంటె వారికే త్వరగా పట్టుబడుతుంది. అయితే ఇది సీజను పని. కొన్ని నెలలు పోయాక మళ్ళీ ఏడు దాకా పిలుపు ఉండదు. ఇంత నేర్పు ఉన్న పనికి ఏడాది పొడుగునా ఏదో ఒక ఆధారం చూపించడం ప్రభుత్వానికి పెద్ద భారం కాబోదు.

వల, దీపం, రేవు

గుడ్లు కాపాడితే సరిపోదు. ప్రతి ఏడూ ఈ నెలల్లోనే ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకు వస్తాయి. తాబేలు నీటిలో ఉన్నా ఊపిరి మనలాగే గాలిలోదే. మరపడవల రొయ్యల వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. సంప్రదాయ మత్స్యకారులకు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు కేటాయిస్తూ 1994లో రాష్ట్ర చట్టం వచ్చింది. ఆ గీత లోపలికి మరపడవలు రాకుండా ఉంటే తాబేలుకూ మేలే, తెప్ప మీద పోయే మత్స్యకారునికీ మేలే. వలలో అమర్చే టెడ్ అనే ఇనుప చట్రం ఉన్నది. దాని కడ్డీల సందున రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు తగిలి పక్కనున్న మూతి గుండా బయటపడుతుంది. కొంత చేపా దానితో పోతుందని పడవల యజమానులు ఇష్టపడరు. పోయినది అంతకంటె ఎక్కువ: టెడ్ వాడనందుకు 2019లో అమెరికా మన దేశపు సముద్రపు రొయ్యను కొనడం ఆపివేసింది.

చంపడం, గుడ్లు తవ్వడం చట్టరీత్యా నేరమన్నది తీరంలో చాలామందికి తెలుసు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉన్నది. శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా ఉంటుంది. 1970ల నడిమి దాకా ఒడిశాలో గుడ్లు ఏరుకోవడానికి ప్రభుత్వమే లైసెన్సులు ఇచ్చేదంటే నేటి పిల్లలు నమ్మరు. శ్రీకూర్మంలో విష్ణువును కూర్మ రూపంలో కొలిచే జిల్లా ఇది. ఆ గుడిలో నక్షత్ర తాబేళ్ళను పోషిస్తారు కూడా. కూర్మం కోసం శ్రీకూర్మం పోయేవారు తమ ఊరి ఒడ్డుకు వచ్చే కూర్మాన్ని చూడకపోవడం విడ్డూరమే.

చట్టానికి అందని ప్రమాదాలు వేరే ఉన్నాయి. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన తీరు ఎవరూ మరవలేదు. తుపాను వచ్చినప్పుడల్లా ఒడ్డు రూపం మారుతుంది. గాలికి అడ్డుగా ఒడ్డు అంచుదాకా సరుగుడు నాటడం అలవాటయింది. తోట ఊరికి రక్షణే గాని, పోటు గీతకు ఆనించి నాటితే వేళ్ళు, రాలిన ఆకు అడ్డుపడి తాబేలుకు తవ్వే చోటు ఉండదు. కొద్ది బారలు వెనక్కు జరిగి నాటితే రెండూ దక్కుతాయి.

సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే పని వస్తుందని ఆశపడేవారు ఉన్నారు, భూమి పోయిందని బాధపడేవారూ ఉన్నారు. ఇదే నౌపడ తంపరలో కాకరాపల్లి థర్మల్ కేంద్రం గొడవలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులలో ఇద్దరు చనిపోయిన సంగతి ఇక్కడివారికి పాతబడలేదు. తాబేలు విషయంలో అడగవలసినవి రెండే. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాతి గోడ కట్టినచోట దక్షిణాన ఇసుక మేట వేయడం, ఉత్తరాన ఒడ్డు కోతకు గురికావడం విశాఖపట్నంలోనూ, పారదీపులోనూ చూసినదే. మూలపేటకు ఉత్తరాన ఉన్న ఒడ్డుకు ఇసుక అందించే ఏర్పాటు ఏమిటన్నది మొదటి ప్రశ్న. రాత్రంతా వెలిగే దీపాలను సముద్రం వైపు కనపడకుండా కిందికి దించి, మూతలు పెట్టి అమర్చుతారా అన్నది రెండోది. రెండో దానికి ఖర్చు ఏపాటి కాదు.

దీపం సంగతిలో ఊళ్ళు కూడా చేయగలిగినది ఉన్నది. ఒడ్డున ఉన్న వీధి దీపానికి సముద్రం వైపు రేకు ముక్క అడ్డం కడితే చాలు. పిల్లలు దారితప్పి ఊరి వైపు, రోడ్డు వైపు పాకి చచ్చేది ఆ దీపం చూసే.

జాడ చూసినవారు

తెల్లవారి ఒడ్డుకు పోయినవారికి తాబేలు జాడ కనిపిస్తే తొక్కి చెరపకుండా పక్కనుంచి నడిచి, దగ్గరలోని అటవీ సిబ్బందికో, గుడ్ల కేంద్రం కాపలాదారులకో కబురు చేయాలి. చేతిలో ఫోను ఉన్నవారు ఆ చోటును ఫోనులోనే గుర్తు పెట్టి పంపవచ్చు. తమంతట తాము తవ్వకూడదు. రాత్రి ఒడ్డెక్కుతున్న తాబేలు కనిపిస్తే దాని ఎదుటికి పోకూడదు, వెలుగు వేయకూడదు. గుడ్లు పెట్టడం మొదలయ్యాక వెనుక నుంచి నిశ్శబ్దంగా చూడవచ్చు. పైకి ఎక్కి కూర్చుని ఫొటో దిగడం వంటి చేష్టలు నేరం కిందికి వస్తాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చివరి గూళ్ళు పిల్లలయ్యేది సరిగ్గా అప్పుడే. పడవలు, వలలు, తాళ్ళు అన్నీ ఒడ్డుమీదనే ఉంటాయి. దేవునల్తాడ, నువ్వలరేవు, మంచినీళ్ళపేట, అక్కుపల్లి వంటి ఊళ్ళలో వల మరమ్మతులు కూడా ఒడ్డునే సాగుతాయి. పరచిన వల రాత్రి అలాగే ఉంటే, ఎక్కడో కనిపెట్టకుండా మిగిలిపోయిన గూటి నుంచి వచ్చే పిల్లలు అందులో చిక్కుకుని తెల్లవారేసరికి కాకుల పాలవుతాయి. సాయంకాలం ఇంటికి పోయే ముందు వలను చుట్టి గట్టు మీదికి తీసి పెట్టమని, పడవకూ పడవకూ మధ్య రెండు బారల దారి వదలమని గుడ్ల కేంద్రాలవారు కోరుతున్నారు.